బలపరిచే ఓబులప్ప

మండల పరిషత్తు సమావేశంలో ఎవరైనా లేచి ఒక తీర్మానం పెడితే, వెంటనే ఇంకొకరు లేచి దాన్ని బలపరచాలి. అది పద్ధతి. ఆ ఇంకొకరు ఎప్పుడూ ఓబులప్పే. ట్యాంకరు నీళ్ళ సంగతి గానీ, పశువుల ఆసుపత్రి ప్రహరీ గోడ గానీ, పోయిన పెద్దమనిషికి సంతాపం గానీ, ఏదైనా సరే కుర్చీలోంచి సగం లేచి, జారిన తువ్వాలు భుజం మీదికి లాక్కుని, "బలపరుస్తాండా" అని మళ్ళీ కూర్చునేవాడు. మూడేండ్ల కిందట ఊరివాళ్ళు ఆయన్ని మెంబరుగా గెలిపించి పంపినప్పటి నుంచీ ఆ హాల్లో ఆయన నోటినుంచి వచ్చిన మాట అదొక్కటే. దాంతో బలపరిచే ఓబులప్ప అని పేరు పడిపోయింది. పుంగనూరు రోడ్డులో కరెంటు స్తంభం పక్కకు ఒరిగితే, "లైన్‌మనెందుకప్పా, ఓబులప్పను పిలుచుకోని రాండి, బలపరుస్తాడు" అని నవ్వుకునేవాళ్ళు.

ఆయన నోరు విప్పకపోవడం తెలియక కాదు. ఊరిబడిలో ఐదు దాకే చదివినా, కన్ను మాత్రం ఊరికే ఉండదు. ఆవు నడక చూసి ఎన్నాళ్ళకు ఈనుతుందో చెప్పగలడు. హాల్లోకి వచ్చి కూర్చున్న తీరు చూసి ఎవరింట్లో పొద్దున్నే పోట్లాట జరిగిందో పసిగట్టగలడు. పసిగట్టినది బయట పెట్టడు, అంతే. నోట్లోంచి పోయిన మాటా మందలోంచి పోయిన మేకా ఒకటే, ఎవరి చేలో తేలుతుందో తెలియదు అనేది ఆయన లెక్క.

ఆ ఏడు, రెండువేల తొమ్మిదిలో, ఆషాఢం వచ్చినా చినుకు లేదు. శెనక్కాయ విత్తనం మూటల్లోనే ఉంది. ఢిల్లీ హైకోర్టు తీర్పు సంగతి టీవీల్లో మోగుతూ ఉన్నది ఆ రోజుల్లోనే. మగవాళ్ళు మగవాళ్ళతో, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో ఇష్టపడి ఉంటే అది నేరం కాదని కోర్టు చెప్పింది. పుంగనూరు బస్టాండు హోటల్లో ఇడ్లీ తింటూ ఓబులప్ప ఆ వార్త విన్నాడు. పక్క బల్లమీద వాళ్ళు నవ్వారు. ఓబులప్ప చట్నీ గిన్నెలోకి చూస్తూ ఇడ్లీ ముగించి, చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేశాడు.

తర్వాత జరిగిన మండల సమావేశం అంతా నీళ్ళ గొడవే. చివర్లో వైస్ ప్రెసిడెంటు దొరస్వామి జేబులోంచి ఒక కాగితం తీశాడు. దొరస్వామి మాటకారి. నవ్విస్తాడు, నవ్విస్తూనే పని కానిచ్చేస్తాడు.

"ఇంగొగ ముఖ్యమైన సంగతి ఉండాది, అందరూ వినాల" అని గొంతు సవరించుకుని గ్రాంథికంలో చదివాడు. ఢిల్లీ కోర్టు తీర్పు మన ఆచారాలకు విరుద్ధమైనందున, మన రాష్ట్ర శాసనసభ దానిని తిరస్కరించి, వివాహమనునది ఒక పురుషునికిని ఒక స్త్రీకిని నడుమ మాత్రమే చెల్లునని చట్టము చేయవలెనని ఈ మండల పరిషత్తు కోరుచున్నది.

ఎంపీడీవో తల గోక్కున్నాడు. "దొరస్వామి గారూ, ఆ తీర్పులో పెండ్లి మాటే లేదు. జైల్లో పెట్టగూడదన్నారు, అంతే. పైగా ఇది మన పరిధిలోకి రాదు."

"వాన మన పరిధిలో ఉండాదా సార్? పోయిన మీటింగులో వరుణయాగానికి తీర్మానం జేసినాం గదా" అన్నాడు దొరస్వామి. హాలంతా నవ్వింది.

కిటికీ పక్కన కూర్చున్న పాపక్క అనే మెంబరు మాత్రం నవ్వలేదు. "ఎవురో యాడో ఏదో జేసుకుంటే మన బోర్లలో నీళ్ళు ఎండిపోయినాయా? నా ట్యాంకరు సంగతి తేల్చండి ముందు" అంది.

"తేలుస్తాం పాపక్కా. దీనికి ఖర్చు లేదు గదా, కాగితమే గదా" అని, దొరస్వామి తల తిప్పి ఓబులప్ప తట్టు చూశాడు. ఆయనతో పాటు అందరూ చూశారు. పద్ధతి ప్రకారం అక్కడ ఒక మాట రావాలి.

రెప్పపాటు కాలం ఓబులప్ప కదల్లేదు. కుప్పంలో చెల్లెలి ఇల్లు కళ్ళముందు మెదిలింది. అన్నిటికీ లేచే మనిషి దీనికి లేవకపోతే, ఈ పొద్దే ఎందుకు లేవలేదంటారు. ఎందుకో వెతుకుతారు. వెతికితే దొరుకుతుంది. తువ్వాలు భుజం మీదికి లాక్కున్నాడు.

"బలపరుస్తాండా" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. తర్వాత బిస్కెట్లు, టీ వచ్చాయి.

సరళ ఓబులప్పకు చెల్లెలు. నాయన పోయేనాటికి పలకా బలపం పట్టుకుని తిరిగే పిల్ల. ఓబులప్పే చదివించాడు. టమాటా బుట్టలు మదనపల్లె మార్కెట్టుకు తోలుకుపోయిన ప్రతిసారీ ఆ ఊళ్ళో హాస్టలుకు పోయి, గేటు దగ్గర నిలబడి, చెల్లెలికి కారప్పొడి డబ్బా ఇచ్చి వచ్చేవాడు. కొన్నాళ్ళకు గేటు దగ్గరికి ఇద్దరు రావడం మొదలైంది. రెండో పిల్ల ప్రసన్నలక్ష్మి. పొడుగ్గా ఉండేది, గట్టిగా నవ్వేది. కారప్పొడి డబ్బా అక్కడే మూత తీసి వేలితో నాకి, "అన్నా, ఈతూరి ఉప్పు తగ్గింది, వదినకు జెప్పు" అనేది.

తొంభై ఆరులో సదుం నుంచి మంచి సంబంధం వచ్చింది. పిల్లను తీసుకుపోదామని ఓబులప్ప మదనపల్లె పోయాడు. సరళ గేటు బయటికి వచ్చి, చింతచెట్టు నీడకు తీసుకుపోయి, తొణక్కుండా చెప్పింది.

"అన్నా, నాకు పెండ్లి వద్దు. నేనూ ప్రసన్నా కలిసే ఉంటాం. ఎప్పుడూ. నీకు అర్థమయిందా?"

అర్థమయింది. అంతకు ముందే, ఆ ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచి వచ్చే తీరులోనే అర్థమయింది. "బస్సుకు పొద్దాయ" అన్నాడు ఓబులప్ప. ఒక్కడే తిరిగొచ్చి, జాతకాలు కుదర్లేదని సదుం వాళ్ళకు కబురు చేశాడు.

వాళ్ళిద్దరూ కుప్పం చేరారు. సరళ ఒక ప్రైవేటు బళ్ళో టీచరు. ప్రసన్నలక్ష్మి రైతుల దగ్గర బీన్సు, మిరప కొని, తెల్లవారుజాము రైలుకు బెంగళూరు ఎక్కించే వ్యాపారం పెట్టింది. ఊళ్ళో ఎవరైనా అడిగితే ఓబులప్ప, "ఇద్దరు టీచరమ్మలు, బాడుగలు ఎక్కువ గదా, ఒగ రూములో ఉంటారు" అనేవాడు. కూరగాయలమ్మే ప్రసన్నలక్ష్మిని ఆ విధంగా ఆయనే టీచరును చేసేశాడు. తాను పోయేటప్పుడు "కుప్పంలో రవంత పనుండాది" అనేవాడు. చెల్లెలింటికి అని అనేవాడు కాదు.

అమ్మ వెంకటరత్నమ్మకు కాళ్ళు పడిపోయాక చివరి రెండేండ్లు ఆ ఇంట్లోనే గడిచాయి. ఎత్తి కూర్చోబెట్టిందీ, నీళ్ళు పోసిందీ, తల దువ్విందీ ప్రసన్నలక్ష్మే. ఒకరోజు అమ్మ ఓబులప్పను దగ్గరికి పిలిచి, "ఈతూరి వచ్చేటప్పుడు ఒడి నింపే సామాను తీసుకోని రా. పుట్టినింటి నుంచి ఆడబిడ్డకు ఏమీ రాలేదు" అంది. బియ్యం, కొబ్బరికాయ, వక్కాకు, రవికెగుడ్డ అన్న చేతులమీదుగా చెల్లెలి ఒడిలో పోయడం వాళ్ళ వైపు ఆచారం. అది పెండ్లయిన ఆడబిడ్డకు చేసేది. అమ్మ మతి తప్పి అడుగుతోందనుకుని, కాదనలేక, అన్నీ తెచ్చాడు. సంచీలో ఒకటే రవికెగుడ్డ ఉండడం చూసి ముసలామె, "ఇంట్లో ఇద్దరుండారు గదరా, కండ్లు కనపడవా నీకు?" అంది. ఓబులప్ప నేల చూశాడు. ప్రసన్నలక్ష్మే నవ్వేసింది. "నేను చుడిదారేసుకోని ఉండా గదవ్వా, నాకు ఒడి యాడుంది నింపేదానికి?" సరళ నవ్వలేదు. ఒడిలో పోసిన బియ్యాన్ని చాటలో పోసి రెండు కుప్పలు చేసి పెట్టింది.

మతి తప్పింది అమ్మకు కాదని ఓబులప్పకు ఆ రోజే తెలుసు.

సమావేశం అయిన రెండో రోజు జిల్లా పేపర్లో ఆ వార్త పడింది. చిన్నదే. ప్రతిపాదించినవారు దొరస్వామి, బలపరిచినవారు ఓబులప్ప, ఊరిపేరుతో సహా. ఓబులప్ప భార్య జయలక్ష్మమ్మ పాలు పితికి వచ్చి, చెంబు గట్టుమీద పెట్టి, "పేపర్లో పడినావంట గదా" అంది.

"ఊ."

"కుప్పానికి పేపరు రాదా?"

ఓబులప్ప తలెత్తి చూశాడు. "నీకెట్ల తెలుసు?"

"ఇన్నేండ్లు వాళ్ళకు కారప్పొడి దంచి పంపినాను. ఎవురికి పంపుతాండానో తెలీదా? నువ్వు గమ్మునున్నావని నేనూ గమ్మునుంటి." చెంబు తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజంతా ఆమె ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండునని ఓబులప్పకు అనిపించింది.

ఆదివారం పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయాడు. సరళ తలుపు తీసింది. "రండి" అంది.

ఓబులప్ప గడప దగ్గరే ఆగిపోయాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ పిల్ల ఆయన్ని నువ్వనే పిలిచింది. ఎప్పుడు వచ్చినా ఆయన కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని ఆకుకూర గిల్లుకుంటూ మాట్లాడేది. ఇప్పుడు ఆయనకు కుర్చీ వేసి, తానొక కుర్చీ ఎదురుగా వేసుకుని కూర్చుంది, బడికి వచ్చిన పిల్లల తండ్రితో కూర్చున్నట్టు.

"కాఫీ తాగుతారా?"

"వద్దు. పేపరు సూసినావా?"

"చూసినాను. స్కూల్లో హెడ్‌మాస్టరు చూపించినాడు. మీ ఊరిపేరే కదా టీచర్, ఈ ఓబులప్ప మీకేమన్నా అవుతాడా అన్నాడు. కాడని చెప్పినాను." కొంచెం ఆగింది. "మా అన్నను పట్టుకుని, మా అన్న కాదన్నాను."

ఓబులప్ప కాళ్ళవైపు చూసుకున్నాడు. చెప్పులు విడవడం మరిచిపోయి లోపలికి వచ్చాడని అప్పుడు గమనించాడు. లేచి పోయి గడప బయట విడిచి వచ్చాడు.

"నోరు జారింది సరళా. అలవాటు ప్రకారం వచ్చేసింది."

"అలవాటు కాదు. నోరు జారే మనిషివి నువ్వు కావు." కోపంలో ఒకసారి నువ్వు వచ్చింది, వెంటనే సర్దుకుంది. "నిజం చెప్పండి."

"లేవకుంటే యాల లేవలేదంటారని భయపడినా."

"ఎవరికి భయం?"

"అందరికీ."

అంతలో ప్రసన్నలక్ష్మి వచ్చింది, చెప్పులకు మార్కెట్టు బురద, చేతిలో బీన్సు సంచి. "అన్నా, ఎప్పుడొచ్చినావు? తిని పో" అంటూ లోపలికి పోయి, పళ్ళెం పెట్టి వడ్డించింది. వడ్డిస్తూ, "మమ్మల్ని జైల్లో పెట్టద్దని కోర్టోళ్ళు జెప్తే, మీరు పెట్టమన్నారంట గదన్నా. పెడితే ఇద్దర్నీ ఒగే గదిలో పెట్టమని రాయించు. వంటసామాను మళ్ళా రెండో జత కొనలేం" అంది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. ముద్ద కలుపుతూ కూర్చున్నాడే గానీ నోటి దాకా పోలేదు.

"వచ్చే మీటింగులో పాత తీర్మానాలన్నీ చదివి వినిపించి, మళ్ళా ఒప్పుకోలు తీసుకుంటారు. అప్పుడు లేచి కాదంటా" అన్నాడు.

"చేసినాక చెప్పండి" అంది సరళ.

మీటింగు ఎప్పుడా అని ఎదురుచూడటం ఆయనకు అదే మొదలు. చేలో పనిచేస్తూ, ఆవుల వెంట నడుస్తూ, చెప్పాల్సిన మాట కూర్చుకున్నాడు. నా చెల్లెలికి నొప్పి కలిగించే మాట నేను బలపరచను. అంతే. పెద్దదేం కాదు. ఆవులకు వినపడేటట్టు గట్టిగా చెప్పి చూసుకున్నాడు కూడా.

సమావేశం రోజు ఎంపీడీవో పాత తీర్మానాలు ఒకటొకటే చదువుతూ పోయాడు. ఢిల్లీ కోర్టు అనే మాట రాగానే ఓబులప్ప లేచాడు. ఈసారి సగం కాదు, పూర్తిగా లేచాడు. మామూలుగా ఆయన లేచే చోటు కాదది.

"అది నేను బలపరచడం లేదు. నా పేరు తీసేయండి."

దొరస్వామి అన్నాడు, "బలపరిచినావు గదప్పా, పేపర్లో గూడా పడింది. ఇప్పుడు వద్దంటే యాల?"

యాల. ఆ ఒక్క ప్రశ్నకే కదా ఇన్నాళ్ళు మాట కూర్చుకున్నది. ఓబులప్ప నోరు తెరిచాడు. ముందు వరసలో అన్ని ముఖాలూ తిరిగి ఉన్నాయి. పాపక్క కుర్చీ అంచుకు జరిగి, కన్నార్పకుండా చూస్తోంది. కూర్చుకున్న మాట నాలుక మీదికి వచ్చి, అక్కడే ఎండిపోయింది.

"ఆ పొద్దు... నాకు సరిగ్గా వినపడలేదు" అన్నాడు.

హాలు ఊపిరి వదిలి నవ్వింది. ఎంపీడీవో కూడా నవ్వి, ఓబులప్ప పేరు మీద గీత కొట్టి, "ఇంకెవరైనా?" అన్నాడు. వెనకనుంచి వెంకటరమణ అనే మెంబరు చెయ్యెత్తాడు. ఆయన పేరు రాసుకున్నారు. ఒక్క అక్షరం చెరగకుండా తీర్మానం హైదరాబాదు పోవడానికి సిద్ధమైంది.

ఓబులప్ప కూర్చున్నాడు. ఊబిలోంచి తన కాలు మాత్రం లాక్కుని, చెల్లెల్ని అక్కడే వదిలేసి గట్టెక్కినట్టు అనిపించింది. మొదటిసారి భయంతో చేశాడు. ఈసారి తెలిసి తెలిసి చేశాడు.

బయట రోడ్డు మీద టీ కొట్టు దగ్గర దొరస్వామి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "చెవులు సూపించుకో ఓబులప్పా. మదనపల్లెలో మంచి డాక్టరుండాడు, నేను రాసిస్తా."

"చెవులు బాగానే ఉండాయి."

"మరి?"

"ఆ మాట మా సరళకు తగలతాది."

అనేశాడు. హాల్లో రాని మాట టీ కొట్టు దగ్గర, ఎందుకూ కొరగాని చోట వచ్చింది. దొరస్వామి ముఖం మారుతుందని చూశాడు. మారలేదు. దొరస్వామి గ్లాసు ఊదుకుంటూ, గొంతు తగ్గించి, "తెలుసులేప్పా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఊళ్ళో ఎవురికి తెలీదు? మీ అమ్మను సూసేదానికి మా ఆడోళ్ళు కుప్పం పోయొచ్చినారు గదా. ఇల్లు సూస్తే తెలీదా ఏంది?"

"తెలిసే నా తట్టు సూసినావా?"

"నీ మంచికే సూసినా. అన్నే బలపరిచినాడు, ఇంగ మనకేమిలే అని ఊరు గమ్మునుంటాది గదా. నువ్వు లేచినాక ఒగరైనా ఆ మాట ఎత్తినారా?" దొరస్వామి గొంతులో ఎగతాళి లేదు. మేలు చేశాననే అనుకుంటున్నాడు.

ఇన్నేండ్లు తాను మూతవేసి కాపాడిన కుండ అడుగున చిల్లి ఉందన్నమాట. టీచరమ్మలు, బాడుగలు, కుప్పంలో రవంత పని, అన్నీ విన్నవాళ్ళు ఊ కొట్టి, ఆయన పోయాక నవ్వుకుని ఉంటారు. కాదు, నవ్వుకోలేదేమో. జాలి పడి ఉంటారు. అది ఇంకా అన్యాయం.

పాపక్క సంచి చంకన పెట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఆయన ముందు ఆగింది. "నువ్వు లేస్తే నాకు పానం లేచొచ్చినట్టాయప్పా. గట్టిగా కాదంటావనుకుంటి. బలపరిచేదానికి నేనుంటి గదా" అంది. అది తిట్టూ కాదు, ఓదార్పూ కాదు. బెంచీ మీద కూర్చుని, టీ చెప్పింది.

ఓబులప్ప గ్లాసు పక్కన పెట్టి సెల్‌ఫోను తీశాడు. సరళ ఎత్తింది. జరిగింది జరిగినట్టు చెప్పాడు. పేరు తీయించుకున్నాననీ, తీర్మానం అట్లే ఉందనీ, ఎందుకని అడిగితే వినపడలేదన్నాననీ. ఏ మాటా కప్పలేదు.

అంతా విన్నాక సరళ అడిగింది, "మీ దగ్గర ఇప్పుడు ఎవరున్నారు?"

"దొరస్వామి. పాపక్క. టీ కొట్టాయన."

"వాళ్ళకు చెప్పండి."

"ఏమని?"

"నేనూ ప్రసన్నా ఏమవుతామో. ఏ మాట వస్తే ఆ మాటే చెప్పండి."

ఓబులప్ప ఫోను చెవికి ఆనించుకునే నిలబడి మాట వెతికాడు. స్నేహితురాలు అనబోయాడు, అది ఊళ్ళో చెప్పిన అబద్ధం పక్కన కూర్చునే మాట. తోడు అనబోయాడు, అది ముసలివాళ్ళకు అనేది. కోర్టువాళ్ళు వాడిన మాటలు ఆయనకు రావు. వచ్చినా నోరు తిరగదు. దొరస్వామి అనుమానంగా చూస్తున్నాడు. వాళ్ళింట్లో తాను తిన్న అన్నం, మార్కెట్టు బురదతో వచ్చి ప్రసన్న వడ్డించిన తీరు, కొత్తగా వంటసామాను కొనలేమన్న మాట, చాటలో రెండు కుప్పల బియ్యం గుర్తొచ్చాయి. వాటికి పేరు ఆయన ఇంట్లో, ఆయనా జయలక్ష్మమ్మా నడుపుతున్నదానికి ఉన్న పేరే.

"మా సరళ" అన్నాడు దొరస్వామి వైపు తిరిగి. "మా సరళ కుప్పంలో ప్రసన్నలక్ష్మితో కాపురం జేస్తాండాది. పదమూడేండ్లుగా."

దొరస్వామి చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. టీ కొట్టాయన పాలు పోసే చెయ్యి ఆపాడు. పాపక్క మాత్రం తల ఊపింది, అవునన్నట్టు.

అంతలో పుంగనూరు బస్సు వచ్చి కొట్టు ముందే ఆగి, హారను మోగిస్తూ జనాన్ని దింపింది. ఆ మోతలో తన మాట కుప్పం దాకా పోయిందో లేదో ఓబులప్పకు తెలియలేదు. ఫోనులో సరళ ఏమీ అనలేదు, పెట్టేయనూ లేదు. దిగినవాళ్ళు టీలకని చుట్టూ మూగారు. అందులో ఆయన ఊరివాళ్ళు కూడా ఉన్నారు.

బస్సు కదిలి పోయేదాకా ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.